జీఎస్టీ నంబరు లేకుండా కంపెనీకి బిల్లు ఇవ్వొచ్చా?

రంగులగది — సోమవారం, ఉదయం 10:20

అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో ఒక్కదాన్నే ఇంటీరియర్ డిజైన్ పని చేసుకుంటున్నాను. మూడేళ్లయింది. ఇప్పటిదాకా అన్నీ ఫ్లాట్లే. డ్రాయింగులు ఇస్తాను, వడ్రంగి పని దగ్గరుండి చూసుకుంటాను, ఓనర్లు ఫోన్‌పే చేస్తారు. బిల్లు అడిగినవాళ్లు ఇద్దరో ముగ్గురో. వాళ్లకి "ఇంత ముట్టింది" అని వాట్సాప్‌లో మెసేజ్ పెట్టేదాన్ని, అంతే.

మొదటిసారి ఒక కంపెనీ పని వచ్చింది. రిసెప్షన్, రెండు మీటింగ్ గదులు. డిజైన్ ఫీజు 64 వేలు. పని అప్పజెప్పి మూడు వారాలైంది. "జీఎస్టీ ఇన్‌వాయిస్ పంపితేనే డబ్బు వేస్తాం" అని అకౌంట్స్ వాళ్లు మెయిల్ పెట్టారు. నాకు జీఎస్టీ నంబరు లేదు. ఏడాది మొత్తం కలిపినా నా ఫీజులు 11 లక్షలు దాటవు.

మా బావగారికి హార్డ్‌వేర్ షాపు ఉంది. "నా నంబరు మీద బిల్లు కొట్టేద్దాం, టాక్స్ వరకు నాకిచ్చెయ్, నేను కట్టేస్తా" అంటున్నారు. ఆయన మంచికే చెబుతున్నారు కానీ నాకెందుకో భయంగా ఉంది. రాత్రి నిద్ర పట్టలేదు. ఏం చేయాలి?

గోదారిగాలి — సోమవారం, ఉదయం 10:48

ఇంత చిన్నదానికి టెన్షన్ ఎందుకండీ. ఫీజు మీద 18 శాతం వేసి బిల్లు ఇచ్చేయండి. నంబరు గడిలో "అప్లై చేశాను" అని రాయండి. రిజిస్ట్రేషన్ తర్వాత తీసుకోవచ్చు. మా వీధిలో చాలామంది ఇలాగే చేస్తున్నారు.

పద్దులపుస్తకం — సోమవారం, ఉదయం 11:35

దయచేసి పై సలహా పాటించకండి. విజయవాడలో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో 14 ఏళ్లుగా పనిచేస్తున్నాను. ఇలాంటి కేసులు చూసి చూసి చెబుతున్నాను.

రిజిస్ట్రేషన్ లేనివాళ్లు జీఎస్టీ పేరుతో ఒక్క రూపాయి కూడా వసూలు చేయకూడదు. సీజీఎస్టీ (కేంద్ర జీఎస్టీ) చట్టం 32వ సెక్షన్‌లో ఉన్నదే ఇది. పైగా ఆ కంపెనీకి కూడా దానివల్ల ఉపయోగం లేదు. మీరు కట్టని పన్ను వాళ్ల జీఎస్‌టీఆర్-2బీలో, అంటే వాళ్ల కొనుగోళ్ల మీద పన్ను చూపించే జీఎస్టీ పట్టికలో, కనిపించదు. కనిపించకపోతే వాళ్లకు ఇన్‌పుట్ క్రెడిట్ రాదు, అంటే ఆ పన్నుని తాము కట్టాల్సిన పన్నులో తగ్గించుకోలేరు. అప్పుడు వాళ్లే మీ వెంట పడతారు.

బావగారి మాట అంతకంటే ప్రమాదం. ఒకరి జీఎస్టీ నంబరుతో ఇంకొకరు బిల్లు ఇవ్వడం 122వ సెక్షన్ కింద తప్పు. పెనాల్టీ 10 వేలు లేదా ఆ పన్ను మొత్తం, ఏది ఎక్కువైతే అది. పోనీ ఆయనే తన పేరుతో బిల్లు ఇచ్చారనుకోండి, ఆయన చేయని పనికి బిల్లు ఇచ్చినట్టవుతుంది. అది ఇంకా పెద్ద నేరం. డబ్బు ఆయన ఖాతాలో పడుతుంది, ఆదాయం ఆయన పాన్ మీద చేరుతుంది. మీరు చేసిన పనికి మీ దగ్గర ఒక్క కాగితం ముక్క మిగలదు. ఆ చివరిది తలుచుకుంటేనే నాకు బాధగా ఉంది.

ఇక అసలు జవాబు. మీరు బిల్లు ఇవ్వొచ్చు. సర్వీసులకి రిజిస్ట్రేషన్ పరిమితి ఏడాదికి 20 లక్షలు. మీది 11. కాబట్టి మీరు ఇచ్చేది మామూలు బిల్లు, పన్ను లేకుండా. పైన "టాక్స్ ఇన్‌వాయిస్" అని మాత్రం రాయకండి. "బిల్లు" లేదా "ఇన్‌వాయిస్" అంటే చాలు. కింద "జీఎస్టీ చట్టం కింద రిజిస్టర్ కాలేదు, టర్నోవర్ పరిమితి లోపల ఉంది" అని ఒక లైను రాయండి. అకౌంట్స్ వాళ్లకు కావాల్సింది తమ ఆడిట్‌లో చూపించుకోవడానికి ఒక ఆధారం. ఆ లైను వాళ్లకు ఆధారం.

రంగులగది — సోమవారం, ఉదయం 11:52

చాలా థాంక్స్ అండీ. బావగారికి ఎలా చెప్పాలో అని ఇప్పుడు ఇంకో బెంగ. ఒక అనుమానం. 11 లక్షలు అంటే ఖర్చులు పోగా మిగిలింది కాదు, వచ్చిన ఫీజులు. కానీ కొందరు ఓనర్లు ప్లైవుడ్, లైట్ల డబ్బు కూడా నాకే వేస్తారు, నేనే కొని తెస్తాను. అది కలపాలా?

పద్దులపుస్తకం — సోమవారం, మధ్యాహ్నం 12:30

ఈ ప్రశ్న అడగడమే మంచిదైంది. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు.

20 లక్షలు అంటే లాభం కాదు, మీ పాన్ మీద దేశం మొత్తంలో మీరు వేసిన బిల్లుల మొత్తం. పన్ను లేని సరఫరాలు కూడా అందులోకే వస్తాయి. మీ పేరు మీద ఇల్లు ఉండి అద్దె వస్తుంటే అదీ కలుస్తుంది.

ప్లైవుడ్ సంగతి. షాపు బిల్లు మీ పేరున తీసుకుని, మీరు ఓనరుకి కలిపి బిల్లు వేస్తే ఆ మొత్తం మీ టర్నోవరే. అదే షాపు బిల్లు నేరుగా ఓనరు పేరున వేయించి, డబ్బు ఓనరే షాపుకి కడితే మీకు సంబంధం లేదు. ఇక నుంచి వీలైనంత వరకు రెండోదే చేయండి. ఈ ఏడాది ఇప్పటిదాకా మీ ఖాతాలోంచి వెళ్లిన సామాను డబ్బు ఎంతో ఈరోజే లెక్క చూసుకోండి. 11 అనుకుంటున్నది 17 అయి ఉండొచ్చు.

దాటితే, దాటిన రోజు నుంచి 30 రోజుల్లో దరఖాస్తు పెట్టుకోవాలి.

కరెంటుమేస్త్రి — సోమవారం, మధ్యాహ్నం 2:10

మేడమ్, మాది ఖమ్మం. ఎలక్ట్రికల్ కాంట్రాక్టు పనులు చేస్తాను. సామాను అమ్మేవాళ్లకి 40 లక్షలు అని ఎవరో చెబితే ధైర్యంగా ఉన్నాను ఒకప్పుడు. మన తెలంగాణకి అది లేదు, ఇక్కడ సరుకులకైనా సర్వీసుకైనా 20 లక్షలే. ఏపీలో సరుకులు మాత్రమే అమ్మేవాళ్లకి 40. ఈ తేడా తెలియక నేను ఆరు నెలలు ఆలస్యంగా రిజిస్ట్రేషన్ తీసుకున్నా. వడ్డీతో కట్టాల్సి వచ్చింది.

రసీదుల గురించి నా అనుభవం ఒకటి చెబుతా. ఒక బిల్డర్ దగ్గర నాలుగంతస్తుల వైరింగ్ చేశా. మధ్యలో లక్షా పదివేలు బాకీ. అడిగితే "ఎప్పుడో ఇచ్చేశాం కదా" అన్నారు. నా దగ్గర చిన్న బిల్లు బుక్కు ఉండేది, కార్బన్ పేపరు పెట్టి రాసేది. ఒరిజినల్ వాళ్లకిచ్చి, కింది కాపీ మీద వాళ్ల సైట్ సూపర్‌వైజర్ చేత సంతకం పెట్టించుకునేవాణ్ణి, తేదీతో సహా. ప్రతి ఫ్లోరుకి ఎన్ని పాయింట్లు, ఎంత ముట్టింది, ఎంత బాకీ అన్నీ ఆ కాపీల్లో ఉన్నాయి. కార్బన్ నీలం చేతికి అంటుకుంటుంటే ఆ బుక్కు తీసుకెళ్లి వాళ్ల ఆఫీసు టేబుల్ మీద పరిచి పెట్టా. ఒక్కో ఆకు తిప్పి చూశారు. ఏం మాట్లాడలేదు. నాలుగో రోజు డబ్బు వచ్చింది.

వాట్సాప్ మెసేజ్‌తో సరిపెట్టకండి. ఫోన్ పోతే అదీ పోతుంది.

సూదిదారం — సోమవారం, సాయంత్రం 5:40

కరెంటుమేస్త్రి గారూ, నాకూ అదే జరిగింది, కాకపోతే తిరగేసి. రాజమండ్రిలో మగ్గం వర్క్ చేయిస్తాను, ఆరుగురు అమ్మాయిలు పనిచేస్తారు. ఒకావిడ పెళ్లి బ్లౌజులకి 5 వేలు అడ్వాన్స్ ఇచ్చి, డెలివరీ రోజున 8 వేలు ఇచ్చానన్నారు. నేను రసీదు ఇవ్వలేదు, నోటిమాట మీద నడిచింది. 3 వేలు వదులుకున్నా. ఆ మర్నాడే రసీదు పుస్తకం కొన్నా.

ఇప్పుడు నేను కాంపోజిషన్‌లో ఉన్నాను, అంటే చిన్న వ్యాపారులు మొత్తం టర్నోవర్ మీద తక్కువ శాతం పన్ను కట్టే పద్ధతి. కస్టమర్ తెచ్చిన గుడ్డ మీద పని కాబట్టి సర్వీసు కిందికే వస్తుంది. మాలాంటి వాళ్లకి ఏడాదికి 50 లక్షల దాకా కాంపోజిషన్ ఉంది, 6 శాతం. ఆ 6 శాతం కస్టమర్ దగ్గర విడిగా తీసుకోకూడదు, మన చేతి డబ్బులోంచి కట్టాలి. బిల్లు పేరు కూడా "బిల్ ఆఫ్ సప్లై". దాని పైన మేం కాంపోజిషన్ పన్నుదారులం, సరఫరాలపై పన్ను వసూలు చేసే అర్హత లేదు అని తప్పకుండా రాయాలి. నేను రబ్బరు స్టాంపు చేయించుకున్నా.

ఒక ఇబ్బంది మాత్రం ఉంది. వేరే రాష్ట్రానికి పని చేయకూడదు. బెంగళూరు బొటిక్ నుంచి మంచి ఆర్డరు వస్తే వద్దనాల్సి వచ్చింది. రంగులగది గారూ, మీరు ఎప్పుడైనా కాంపోజిషన్ ఆలోచిస్తే ఇది గుర్తుంచుకోండి తల్లీ.

రంగులగది — సోమవారం, రాత్రి 9:15

ఇన్ని తెలుసుకుంటానని అనుకోలేదు. సామాను లెక్క చూశాను. 2 లక్షల 70 వేలు నా ఖాతాలోంచి వెళ్లింది. అంటే 13.7. ఊపిరి పీల్చుకున్నా.

బిల్లు తయారు చేశాను. పేర్లు తీసేసి పెడుతున్నా, చూసి చెప్పండి.

బిల్లు
నంబరు: 1
ఎవరికి: కంపెనీ పేరు, చిరునామా
వివరం: డిజైన్ ఛార్జీలు
మొత్తం: రూ. 64,000
బ్యాంకు ఖాతా, ఐఎఫ్ఎస్‌సీ కోడ్
సంతకం

పద్దులపుస్తకం — సోమవారం, రాత్రి 10:05

బాగానే మొదలుపెట్టారు. కొన్ని మార్పులు.

తేదీ లేదు. తేదీ లేని బిల్లు బిల్లే కాదు. నంబరు ఉత్త "1" కాకుండా ఆర్థిక సంవత్సరంతో పెట్టండి, 2025-26/01 అని. రేపు మీరు రిజిస్ట్రేషన్ తీసుకున్నా ఇదే అలవాటు పనికొస్తుంది. అక్కడ నిబంధన ఏమిటంటే నంబరు వరుసగా ఉండాలి, 16 అక్షరాలు దాటకూడదు, ఆ ఏడాదిలో మళ్లీ రాకూడదు.

"డిజైన్ ఛార్జీలు" అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. "ఫలానా చిరునామాలోని ఆఫీసు రిసెప్షన్, రెండు మీటింగ్ గదుల ఇంటీరియర్ డిజైన్, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు, మీ వర్క్ ఆర్డర్ నంబరు ఫలానా" అని రాయండి. వర్క్ ఆర్డర్ లేకపోతే వాళ్లు పని ఒప్పుకున్న మెయిల్ తేదీ రాయండి. ఆ అకౌంట్స్ కుర్రాడికి మీరెవరో తెలియదు. అతను ఆ కాగితం చూసి తన పై ఆఫీసరుని అడక్కుండానే పాస్ చేయగలగాలి.

మీ పాన్ తప్పకుండా వేయండి. 64 వేలు అక్షరాల్లో కూడా రాయండి.

ఇక్కడ టీడీఎస్ విషయం వస్తుంది, అంటే మీకిచ్చే డబ్బులోంచి వాళ్లు ముందే పట్టుకుని కట్టే ఆదాయపన్ను. ఇంటీరియర్ డెకరేషన్ ప్రొఫెషన్ కిందికి వస్తుంది కాబట్టి వాళ్లు 10 శాతం పట్టుకుంటారు. 2025 ఏప్రిల్ నుంచి ఈ పరిమితి ఏడాదికి 50 వేలు, మీది దాటింది. 6,400 పోయి 57,600 పడుతుంది. పాన్ ఇవ్వకపోతే 20 శాతం కోస్తారు. ఆ 6,400 ఎక్కడికీ పోదు, మీ పేరున 26ఏఎస్ అనే ఆదాయపన్ను పట్టికలో కనిపిస్తుంది, రిటర్న్ వేసినప్పుడు మీ పన్నులో సర్దుకుంటుంది, ఎక్కువైతే వెనక్కి వస్తుంది. కానీ మీ ఆదాయం 57,600 కాదు, 64,000. రసీదు ఇచ్చేటప్పుడు కూడా "బ్యాంకు ద్వారా 57,600, టీడీఎస్ 6,400" అని రెండూ రాయండి.

ఇంకొకటి. ఇంతకుముందు ఫ్లాట్ల పనులకి ఇప్పుడు కూర్చుని పాత తేదీలు వేసి బిల్లులు తయారు చేయకండి. బ్యాంకు స్టేట్‌మెంట్ చూసి ఎవరు, ఎప్పుడు, ఎంత, ఏ పనికి అని ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి చాలు.

వారధి — మంగళవారం, ఉదయం 8:30

ఐఎఫ్ఎస్‌సీ కోడ్‌లో అయిదో స్థానంలో ఉండేది ఎప్పుడూ సున్నా. ఇంగ్లీషు ఓ అక్షరం కాదు. నేను నా మొదటి బిల్లులో ఓ కొట్టాను, డబ్బు తిరిగి వెళ్లిపోయింది, మళ్లీ వాళ్ల పేమెంట్ సైకిల్ వచ్చేదాకా నెల రోజులు ఆగాను. ఒక్కసారి పాస్‌బుక్ పక్కన పెట్టుకుని సరిచూడండి.

నేను బయటి దేశాల క్లయింట్లకి సాఫ్ట్‌వేర్ చేస్తాను. ఎవరికైనా పనికొస్తుందని చెబుతున్నా, రిజిస్ట్రేషన్ ఉండి ఎగుమతి చేసేవాళ్లు ఎల్‌యూటీ (జీఎస్టీ శాఖకి ఇచ్చే హామీపత్రం) పెట్టుకుంటే పన్ను కట్టకుండా బిల్లు ఇవ్వొచ్చు. అది మార్చి 31తో అయిపోతుంది, ప్రతి ఏడాదీ కొత్తగా పెట్టాలి. బిల్లు మీద "ఎల్‌యూటీ కింద ఐజీఎస్టీ చెల్లించకుండా ఎగుమతి" అని ఉండాలి.

గోదారిగాలి — మంగళవారం, ఉదయం 9:05

పద్దులపుస్తకం గారూ, నేను తప్పు చెప్పాను, క్షమించండి. మా తమ్ముడు సరిగ్గా అలాగే రెండు బిల్లులు ఇచ్చాడు. 18 శాతం తీసుకున్నాడు. నంబరు లేదు. ఇప్పుడేం చేయాలి?

పద్దులపుస్తకం — మంగళవారం, ఉదయం 9:50

పన్ను పేరుతో తీసుకున్న డబ్బు ఎవరు తీసుకున్నా ప్రభుత్వానిదే, ఉంచుకునే హక్కు లేదు. ఆలస్యం చేయకుండా దగ్గర్లోని ఆడిటర్ గారి దగ్గరకు ఆ రెండు బిల్లులూ తీసుకెళ్లమనండి. నోటీసు రాకముందే తనంతట తాను సరిచేసుకునేవాడికి, వచ్చాక పరిగెత్తేవాడికి చాలా తేడా ఉంటుంది. మీరు ఇక్కడ చెప్పడం మంచిదైంది.

కరెంటుమేస్త్రి — మంగళవారం, మధ్యాహ్నం 1:25

క్యాష్ తీసుకునేవాళ్లకి ఒక మాట. 5 వేలు దాటితే రసీదు మీద రూపాయి రెవెన్యూ స్టాంపు అంటించి, సంతకం సగం స్టాంపు మీదా సగం కాగితం మీదా పడేలా పెట్టాలి. మా నాన్న నేర్పిన పద్ధతి.

ఇంకా ముఖ్యమైంది, 2 లక్షలు, ఆపైన క్యాష్ తీసుకోకూడదు. ఒక రోజులో మాత్రమే కాదు, ఒకే పనికి సంబంధించి ముక్కలు ముక్కలుగా తీసుకున్నా లెక్కే. మా సైట్‌లో వడ్రంగి ఒకాయన ఒక ఇంటి పనికి ఇవాళ లక్షన్నర, వారం తర్వాత లక్ష తీసుకున్నాడు, రోజు మారింది కదా అనుకున్నాడు. పెనాల్టీ తీసుకున్నవాడికే, తీసుకున్నంత మొత్తం. ఇచ్చినవాడికి కాదు. మన చేతి పనివాళ్లకి ఇది ఎవరూ చెప్పరు.

సూదిదారం — మంగళవారం, మధ్యాహ్నం 3:00

అడ్వాన్స్ రసీదులో "ఆర్డరు రద్దయితే అడ్వాన్స్ ఏమవుతుంది" అన్నది కూడా రాయండి. జరీ కొని గుడ్డ మీద గీత గీసేశాక వద్దంటే ఎంత పట్టుకుంటాం, మొదలుపెట్టకముందు వద్దంటే ఎంత తిరిగిస్తాం. నేను రెండు లైన్లలో రాయిస్తా, చదివి వినిపిస్తా, అప్పుడే డబ్బు తీసుకుంటా. గొడవలు బాగా తగ్గాయి.

ఇంకో చిన్న సంగతి. షాపుల్లో మెషీన్ నుంచి వచ్చే పల్చటి బిల్లులు ఉంటాయి కదా, ఎండాకాలం బీరువాలో పెడితే ఏడాదికల్లా తెల్లకాగితం అయిపోతాయి. తెచ్చిన రోజే ఫొటో తీసి పెట్టుకోండి.

పద్దులపుస్తకం — మంగళవారం, మధ్యాహ్నం 3:40

అడ్వాన్స్ మీద రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లకి ఇంకో నియమం. సర్వీసుకి అడ్వాన్స్ ముట్టిన రోజే "రిసీట్ వోచర్" ఇవ్వాలి, ఆ అడ్వాన్స్ మీద పన్ను కట్టాలి. పని జరగక తిరిగిస్తే "రిఫండ్ వోచర్". సరుకులకైతే అడ్వాన్స్ మీద పన్ను 2017 నవంబరు నుంచి లేదు. సర్వీసు పూర్తయ్యాక 30 రోజుల్లో బిల్లు ఇచ్చేయాలి.

సూదిదారం గారు చెప్పిన ఫొటోల సంగతి నిజం. జీఎస్టీలో లెక్కలు, బిల్లులు ఆ ఏడాది వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు దాచాలి. ఆరేళ్లు ఆ పల్చటి కాగితం బతకదు.

రంగులగది — శుక్రవారం, సాయంత్రం 6:30

బిల్లు మీరు చెప్పినట్టే మార్చి మంగళవారం పంపాను. బుధవారం అకౌంట్స్ నుంచి ఫోన్ వచ్చింది. "రిజిస్టర్ కాలేదు అన్న లైను ఉంది కాబట్టి సరిపోతుంది, పాన్ కాపీ పంపండి" అన్నారు. ఇంత రాద్ధాంతం ఒక్క లైనుతో తీరింది. ఇందాకే 57,600 పడింది. ఫోన్ పట్టుకుని కాసేపు అలాగే కూర్చున్నాను. మూడేళ్లలో నా పేరుతో ఇచ్చిన మొదటి బిల్లు ఇది.

బావగారికీ చెప్పాను. ఈ చర్చలోవన్నీ చదివి వినిపించాను. ఆయన పాపం, తన నంబరు మీద ఇంకెవరికైనా ఇచ్చానా అని పాత బిల్లులు తీసి చూసుకుంటున్నారు.

వారధి — శుక్రవారం, రాత్రి 7:10

సంతోషం! ఇక ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాల నమోదు) కూడా చేసుకోండి. ప్రభుత్వ పోర్టల్‌లో ఉచితం, ఎవరికీ డబ్బు ఇవ్వక్కర్లేదు. తర్వాతి పని ఒప్పుకునేముందే చేసుకుని ఆ నంబరు బిల్లు మీద వేయండి. చిన్న వ్యాపారాల కోసం ఉన్న ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉంటే ఎక్కువలో ఎక్కువ 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో వాళ్లు చెల్లించాలి. ఆలస్యమైతే ఆర్బీఐ బ్యాంక్ రేటుకి మూడు రెట్లు వడ్డీ. కంపెనీలు దీనికి ఇప్పుడు బాగా స్పందిస్తున్నాయి, ఎందుకంటే గడువు దాటిస్తే ఆ ఖర్చుని, డబ్బు ఇచ్చేదాకా తమ ఆదాయపన్ను లెక్కలో చూపించుకోలేరు. ప్రభుత్వానికి ఆన్‌లైన్‌లో ఫిర్యాదు కూడా పెట్టొచ్చు.

కొత్తషాపు — శనివారం, ఉదయం 11:00

అన్నీ చదివాను, నాకూ ఒకటి చెప్పండి. స్టేషనరీ షాపు పెట్టి రెండు నెలలైంది, జీఎస్టీ ఉంది. పది రూపాయల పెన్నుకి కూడా బిల్లు రాయాలా? ఇంకా, ఒక బిల్లు తప్పు పడితే ఆ పేజీ చింపేశాను. పర్లేదా?

పద్దులపుస్తకం — శనివారం, ఉదయం 11:45

200 లోపు అమ్మకానికి, కొన్నవాళ్లు రిజిస్టర్ కానివాళ్లయి, బిల్లు అడగకపోతే విడిగా రాయక్కర్లేదు. రోజు చివర వాటన్నిటికీ కలిపి ఒక బిల్లు రాయండి. అడిగితే మాత్రం పది రూపాయలకైనా ఇవ్వాలి. రిజిస్టర్ కానివాళ్లకి 50 వేలు, ఆపైన అమ్మితే పేరు, చిరునామా, రాష్ట్రం తప్పనిసరి.

పేజీ ఎప్పుడూ చింపకండి. ఒరిజినల్, కాపీ రెండూ బుక్కులోనే ఉంచి అడ్డంగా గీత గీసి "రద్దు" అని రాసి తర్వాతి నంబరుకి వెళ్లండి. అమ్మకాల రిటర్న్ అయిన జీఎస్‌టీఆర్-1లో రద్దయిన నంబర్లు చూపించే గడి ఉంది. కస్టమర్ చేతికి వెళ్లిపోయిన బిల్లు తప్పయితే గీత గీయడం కుదరదు, క్రెడిట్ నోట్ (పాత బిల్లు మొత్తాన్ని తగ్గిస్తూ ఇచ్చే కాగితం) ఇవ్వాలి. చింపిన ఆ ఒక్క నంబరు గురించి ఏం జరిగిందో ఇవాళే తేదీ వేసి ఆ చోట ఒక కాగితం అతికించి రాసి పెట్టండి.

రంగులగది — శనివారం, మధ్యాహ్నం 12:20

ఆఖరి ప్రశ్న. బిల్లు బుక్కు కొట్టించడానికి ప్రెస్‌కి వెళ్తున్నా. కంప్యూటర్ బిల్లు చాలా, బుక్కు కూడా కావాలా? ఏం చెప్పి చేయించాలి?

కరెంటుమేస్త్రి — శనివారం, మధ్యాహ్నం 12:50

కంపెనీలకి కంప్యూటర్ బిల్లు ఇవ్వండి మేడమ్. సైట్‌లో అడ్వాన్స్ తీసుకునేప్పుడు ల్యాప్‌టాప్ తెరవలేం కదా, దానికి రసీదు పుస్తకం. యాభై ఆకులది, రెండు కాపీలు, పై ఆకు తెలుపు, కింది ఆకు పసుపు. పసుపు ఆకు చిరగకుండా బుక్కులోనే ఉండేలా కుట్టమనండి. నంబర్లు ప్రెస్‌వాళ్లనే వేయమనండి, చేత్తో వద్దు. మీ పేరు, ఫోను, పాన్, కింద "ముట్టింది", "బాకీ" అని రెండు గడులు. ఆ బాకీ గడి మర్చిపోవద్దు, సున్నా అయినా సరే నింపండి.